మహామంత్రి గారి శాలువాలు

ప్రభుత్వం ఆడమంటే ఆడాలి. ఆడనంటే అది క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుంది.

అప్పటికి అన్ని శాఖల్లోనూ ఆటల గాలి వీస్తోంది. చదివి రాసే పరీక్ష బూజు పట్టిందనీ, ఆడి గెలిచే పరీక్షే ఉద్యోగి అసలు సత్తా తేలుస్తుందనీ ఎవరో పెద్దాయన ఏదో సదస్సులో అన్నాడు. అన్న మాట టీ చల్లారేలోగా జీవో అయింది. జీవో వచ్చిన వారానికి సముద్రం ఒడ్డు పట్నంలో ఒక అద్దె మేడ మీద రాష్ట్ర క్రీడాధారిత సామర్థ్య సంస్థ వెలిసింది. సంస్థకి డైరెక్టరు వచ్చాడు. డైరెక్టరుకి కారు వచ్చింది. కారుకి డ్రైవరు వచ్చాడు. ఆట మాత్రం రాలేదు.

సొంతంగా ఆట తయారుచేయాలంటే చాలా ఏళ్లు పడుతుందన్నారు. అందుకని ఎక్కడో విదేశంలో కుర్రాళ్లు ఆడి ఆడి వదిలేసిన ఒక కంప్యూటరు ఆటని కొన్నారు. కత్తులు, కోటలు, మంత్రగాళ్లు, నిప్పులు కక్కే ఒక డ్రాగన్. అందులో మనం ఒక మనిషి వేషం వేసుకుని, రాజ్యమంతా తిరిగి పనులు సాధించుకోవాలి. దానికి అతుకులు వేసి మన రాజ్యం చేశారు. ఆ అతుకుల్ని మాడ్‌లు అంటారు. పంటల శాఖ తన మాడ్‌తో వరిచేలు పెట్టింది. ప్రతి వెన్నూ విడిగా ఊగాలని షరతు. యాత్రల శాఖ పదకొండు జలపాతాలు పెట్టి, వాటి మీంచి గాలి తోలింది. గుళ్ల శాఖ గంటలు పెట్టింది. అడవుల శాఖ ఆకుల్ని లెక్కపెట్టి మరీ అంటించింది. డ్రాగన్‌ని తీసేద్దామంటే అది అప్పటికే స్టాకు రిజిస్టరులోకి ఎక్కిపోయింది. పనికిరాని వస్తువని తేల్చే కమిటీ కూర్చుంటే గానీ తీయడానికి వీల్లేదు. దాన్ని మార్కెట్ యార్డు వెనక కట్టేశారు.

ఇంత బొంతని మోయలేక కంప్యూటరు చతికిలపడింది.

తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారితే అన్ని ఫ్రేములు. అరవై మారితే మనిషి నడిచినట్టుంటుంది. సంస్థ వారి ఆటలో మూడు మారేవి. మూడు ఫ్రేముల్లో మనిషి నడవడు. ఇక్కడున్నవాడు అక్కడుంటాడు. మధ్యలో ఏమయ్యాడో దేవుడికెరుక.

ఈ బాధ అందరికంటే ఎక్కువ పట్టినవాడు కిల్లి తవిటయ్య.

తవిటయ్య ఆ సంస్థలో అటెండరు. ఇరవై ఆరేళ్లుగా బల్లలతో పాటు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి మారుతూ వచ్చిన తాత్కాలిక అటెండరు. టెక్కలి దగ్గర పల్లెటూరి బడిలో ఏడో తరగతి. పర్మనెంటు చేస్తామని ఇంతవరకు ఆరుగురు అధికారులు మాటిచ్చారు. ఆరుగురూ పర్మనెంటుగానే రిటైరయ్యారు. పర్మనెంటు ఉద్యోగికి ఆరోగ్య కార్డు ఇస్తారు. కార్డు ఉంటే ఆసుపత్రిలో మంచం ఇస్తారు. లేకపోయింది గనక అతని భార్య ముత్యాలమ్మ వరండాలోనే మూడు రోజులుండి చనిపోయింది. అది జరిగి నాలుగేళ్లు. ఇప్పుడతనికి కార్డుతో పనిలేదు. అయినా ఆ ఆర్డరు కాయితం కావాలి. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడు. అడిగినవాళ్లూ లేరు.

సర్వీసు ఇంకా రెండేళ్లుంది. కొత్త జీవో ప్రకారం తాత్కాలిక అటెండరు ఆటలో నది దాటితే పర్మనెంటు. నది మీద వంతెన లేదు. వంతెన మాడ్ టెండరు దశలో ఉంది. ఏడు రాళ్లున్నాయి. రాయి మీంచి రాయి మీదికి గెంతాలి. మూడు ఫ్రేముల్లో గెంతితే కాలు రాయి మీద పడిందో నీళ్లలో పడిందో మునిగాక గానీ తెలియదు. తవిటయ్య రెండుసార్లు మునిగాడు. మిగిలింది ఒకటే అవకాశం.

అందువల్ల ఫ్రేముల మీద జరిగే మీటింగులకి టీ ఇచ్చే నెపంతో అతను చివరిదాకా గోడవారన నిలబడేవాడు.

"ఫ్రేముల పెంపుదల నిమిత్తం బహుముఖీన, సమగ్ర, కాలబద్ధ కార్యాచరణ చేపట్టవలసి ఉన్నది," అన్నాడు డైరెక్టరు జ్వాలాపతిరావు. ఆయన టీలో పంచదార తక్కువైందని చెప్పినా అది ప్రొసీడింగ్స్ చదివినట్టే ఉంటుంది.

సంస్థలో కంప్యూటరు తెలిసిన మనిషి హిమజ ఒక్కతే. కాంట్రాక్టు ఇంజనీరు. ఆమె లేచి నిలబడింది.

"సార్, నేను కొలిచి చూశాను. చేలు కాదు, జలపాతాలు కాదు. బరువంతా దర్బారులో ఉంది. మహామంత్రి పాత్ర ఒక్కటే యంత్రం శక్తిలో తొంభై రెండు శాతం తినేస్తోంది."

ఆటలో మహామంత్రికి పెట్టిన ముఖం జ్వాలాపతిరావుది.

సూపరింటెండెంటు భానోజీరావు గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా, 'డైరెక్టరు గారే భారం' అని నన్ను నోట్ ఫైలులో రాయమంటావా?"

"ఆయన్ని అనడం లేదు సార్. ఆయన వంటి మీద..."

"వంటి మీదికి కూడా వెళ్లకు."

హిమజ కూర్చుంది. గౌరవ సలహాదారు లేచాడు. ఆయన నెల రోజులు పరిశోధన చేసి ఒక సత్యం కనుక్కొని వచ్చాడు. ఆటలో మన మనిషిని గోడకి ముక్కు ఆనించి నిలబెడితే ఫ్రేములు అరవై ఒకటి. ఎందుకంటే కంప్యూటరు కనిపించేది మాత్రమే గీస్తుంది. గోడ తప్ప ఏమీ కనిపించకపోతే దానికి పనిలేదు.

"అద్భుతం," అన్నాడు డైరెక్టరు.

మర్నాడే సర్క్యులర్ వెళ్లింది. 'ఇకమీదట రాజ్యమందలి పాత్రలన్నియు గోడకు అభిముఖముగా నిలబడవలెను. గోడ అందుబాటులో లేని చోట నేలవైపు చూడవలెను.' పదిహేను రోజులు రాష్ట్రం నలుమూలల నుంచి శిక్షణ ఉద్యోగులు గోడలకి ముక్కులు ఆనించి ఆడారు. అన్ని జిల్లాల నుంచీ అరవై ఒకటి అని నివేదికలు వచ్చాయి. ఒక జిల్లా ఉత్సాహం పట్టలేక అరవై నాలుగు అని రాసింది. నది పరీక్ష ఎలా రాయాలని ఎవరో ఫోను చేసి అడిగారు. "నది మీ వెనక ఉంది. వెనక్కి తిరగరాదు," అని భానోజీరావు చెప్పి పెట్టేశాడు.

తవిటయ్య పరీక్ష వాయిదా పడింది.

అంతటి విజయం సాధించినందుకు ఆటలోని దర్బారులో మహామంత్రికి ఘనంగా సన్మానం జరిపారు. పదకొండు జిల్లాల పేరిట పదకొండు శాలువాలు కప్పారు. సన్మానం పూర్తయ్యేసరికి ఫ్రేములు రెండుకి దిగాయి. గోడ చూసినా రెండే; ఈ కొత్త శాలువాలు ఎవరూ చూడకపోయినా ఊగుతూనే ఉంటాయి.

అప్పుడు ఫ్రేముల పతనంపై కమిటీ వేశారు. కమిటీ ప్రారంభ సమావేశం సందర్భంగా మళ్లీ ఒక శాలువా.

ఒకనాటి మధ్యాహ్నం హిమజకి టీ ఇవ్వబోయి తవిటయ్య తెర ముందు ఆగిపోయాడు. దర్బారు మధ్యలో గడ్డికుప్పంత ఎత్తున ఏదో ఉంది. రంగురంగులుగా, జరీ అంచులతో, గాలికి కుచ్చులు కుచ్చులుగా ఊగుతోంది. శిఖరాన ఒక ముఖం ఉంది.

"ఈ మూటేటమ్మా?"

"మూట కాదు తవిటయ్య గారూ. మన డైరెక్టరు గారు."

తవిటయ్య మరింత దగ్గరికి వంగాడు. "అవున్సుమీ. ముక్కు ఆరిదే."

"నాలుగువందల పదిహేడు శాలువాలు," అంది హిమజ. "ఆట మొదలైనప్పటి నుంచీ సభ సభకీ కప్పినవి. ఒక్కో శాలువాకి వేల పోగులు. ప్రతి పోగూ గాలికి ఎటు ఊగాలో సెకను సెకనుకీ కంప్యూటరు లెక్క కట్టాలి. ఇంకేం నడుస్తుంది?"

"ఎవులూ తియ్యరేటి?"

"తీయడమనేది ఆటలో లేదు. ఈ సన్మానం మాడ్ రాసినవాళ్లు మన సభల వీడియోలు నలభై చూసి రాశారట. కప్పడం ఉంది. చప్పట్లున్నాయి. నవ్వడం ఉంది. ఫొటో ఉంది. ఫొటో అవగానే వీడియో ఆగిపోతుంది."

వీడియో ఆగాక జరిగేది లోకంలో తవిటయ్యకే తెలుసు. ఫొటో కాగానే సన్మానితుడు ఉక్కపోతకి ఆగలేక శాలువాని రెండు వేళ్లతో పట్టి పక్కకి చాస్తాడు. ఎవరికి చాస్తున్నాడో చూడడు. అక్కడ తవిటయ్య ఉంటాడు. నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులోకి తోసి, బీరువాలో పడేస్తాడు. వచ్చే వారం ఇంకో సభకి అదే శాలువా బయటికి వస్తుంది. నిజానికి ఆ సంస్థకి ఉన్నవి మూడే శాలువాలు. జిల్లాలో పేరున్న భుజాలన్నీ ఆ మూడింటి కిందే వెలిగాయి. ఇరవై ఆరేళ్ల ఫొటోల్లో ఒక్కదానిలోనూ తవిటయ్య లేడు. ఫొటో అయ్యాకే కదా అతని పని.

"ఇందల అటెండరు లేడమ్మా," అన్నాడు.

హిమజ టీ గ్లాసు కింద పెట్టేసింది.

మాట వినగానే భానోజీరావు అడ్డం తిరిగాడు. "శాలువాలు తీసేయడమా? సన్మానం ఉపసంహరించినట్టవుతుంది. దానికి వేరే జీవో కావాలి."

"తియ్యడం కాదు బాబూ, మడతెట్టడం," అన్నాడు తవిటయ్య. "నాను రోజూ సేసీదే. మడతెట్టినంత మాత్రాన ఎవుల సన్మానం పోనాది?"

అది డైరెక్టరుకి నచ్చింది. "సన్మానమును సముచిత రీతిలో భద్రపరచుట," అని పేరు పెట్టాడు. కానీ భానోజీరావు ఇంకో పేచీ తెచ్చాడు. రాజ్యంలో రాజుకి పోస్టుంది, మహామంత్రికుంది, ఆరువందలమంది సైనికులకుంది, నర్తకికుంది. అటెండరుకి మంజూరైన పోస్టు లేదు. పోస్టు లేకుండా మనిషి లోపల నిలబడితే ఆడిట్‌లో ఎవరు జవాబు చెబుతారు? ఖజానా శాఖకి రాశారు. కొత్త పోస్టులు ఇవ్వబోమనీ, ఎక్కడైనా ఒక పోస్టు రద్దు చేసుకుంటే దాని బదులు ఆటలో ఒకటి ఇస్తామనీ జవాబొచ్చింది. ఒక పోస్టు పుట్టాలంటే ఒక పోస్టు చావాలి.

"ఎక్కడో ఒక ఖాళీ ఉందిలే," అన్నాడు భానోజీరావు. ఎక్కడో చెప్పలేదు.

లోపలి అటెండరుకి తవిటయ్య ముఖమే పెట్టారు. వేరే ముఖానికి మళ్లీ టెండరు పిలవాలి. తవిటయ్యకి వంటిని అంటుకుపోయే నల్ల గుడ్డలు తొడిగి, వాటి మీద తెల్ల గోళీలు అంటించి, కెమెరాల మధ్య నిలబెట్టారు. అతను ఎలా కదిలితే లోపలివాడు అలా కదులుతాడు. ఒక శాలువాని వంద సార్లు మడతపెట్టించారు. అతను వందసార్లూ ఒకేలా పెట్టాడు. నాలుగు మడతలు, అంచు లోపలికి.

లోపలి తవిటయ్యకి ఆరోగ్య పరీక్ష ధ్రువపత్రం ఇచ్చారు. పోలీసు విచారణ జరిగింది. నేరచరిత్ర లేదని వచ్చింది. సోమవారం పూర్వాహ్నం విధుల్లో చేరినట్టు రిజిస్టరులో రాశారు. నాలుగు రోజుల్లో నాలుగువందల పదిహేడు శాలువాలూ మడతపడ్డాయి. ఫ్రేములు మూడు, తొమ్మిది, ఇరవై అయ్యి, శుక్రవారానికి అరవై దగ్గర నిలబడ్డాయి. దర్బారులో అసలు మహామంత్రి బయటపడ్డాడు.

"చిక్కిపోయారు సార్," అన్నాడు భానోజీరావు, నిజంగానే బాధపడుతూ.

గోడతో ఇక పనిలేదని ఆ సర్క్యులర్ రద్దయింది. శనివారం తవిటయ్య నది పరీక్ష రాశాడు. అరవై ఫ్రేముల్లో నది నదిలా పారింది, రాయి రాయిలా కనిపించింది. ఏడు రాళ్లూ గెంతి ఒడ్డెక్కాడు. కాలు తడవలేదు. హిమజ చప్పట్లు కొట్టింది. తవిటయ్య నవ్వలేదు. తిన్నగా భానోజీరావు బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"బాబూ, ఆర్డరు."

భానోజీరావు కాయితాలు ఇటువి అటు సర్దాడు. "పాసయ్యావు తవిటయ్యా. సంతోషం. కానీ పోస్టు లేదు."

"పాత ఆఫీసు నుంచి నాతో వచ్చిన పోస్టు ఎనిమిదేళ్ల బట్టీ ఖాళీగా ఉందన్నారు కదండి, నాకోసమని?"

"ఉండేది. అదే రద్దు చేసి లోపల ఇచ్చాం. నీ మంచికే కదా, ఫ్రేములు పెరగాలని."

తవిటయ్య కదలకుండా నిలబడ్డాడు. భానోజీరావుకి ఇబ్బందిగా తోచి సీనియారిటీ జాబితా తీశాడు.

"అన్యాయం ఏమీ జరగలేదయ్యా. చూడు, జాబితాలో నీ పేరు రెండోది. మొదటిది లోపలి తవిటయ్య గారు. ఆయన నీకంటే ముందు సోమవారమే సర్వీసులో చేరారు. ఆయన రిటైరైతే ఆ ఖాళీలో నువ్వే."

"ఆడికి వయసెలగ పెరుగుతాది బాబూ?"

"అది ఆయన వ్యక్తిగత విషయం."

"ఆడు నానే కదండి. మొకం నాది, సేతులు నావి."

భానోజీరావు గబగబా తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు. ఒకే మనిషి రెండు చోట్ల పనిచేస్తున్నట్టవుతుంది. అది ఇంకా పెద్ద కేసు."

తవిటయ్య వెళ్లి మీటింగు హాలులో గ్లాసులు కడిగాడు. ఒక్క గ్లాసు కూడా పగలలేదు. అది చూసి హిమజకి భయం వేసింది.

నెల తిరక్కుండా ఆడిట్ అభ్యంతరం వచ్చింది. లోపలి తవిటయ్య రోజూ పొద్దున్నే శాలువాలు మడతపెట్టేసి, ఆ తర్వాత దర్బారు స్తంభానికి ఆనుకుని ఊరకే నిలబడుతున్నాడు. పర్మనెంటు ఉద్యోగి అలా నిలబడటం నిబంధనలకి విరుద్ధమేమీ కాదు గానీ, అందరికీ కనబడేలా నిలబడటం బాగులేదన్నారు. పూర్తి విధులు అప్పగించాలన్నారు. తవిటయ్యకి మళ్లీ కబురు పెట్టారు.

"అటెండరు చేసే మిగతా పనులు కూడా ఆయనకి చూపించాలి," అన్నాడు భానోజీరావు.

"అన్నీ సూపించీమంటారా?"

"అన్నీ. ఈ సాయంత్రం అయిదులోగా అయిపోవాలి."

తవిటయ్య నల్ల గుడ్డలు తొడుక్కున్నాడు. కెమెరాలు వెలిగాయి. అతను మెల్లగా నడిచి వెళ్లి ఫ్యాన్లు కట్టేశాడు. కిటికీలు ఒక్కొక్కటే మూసి గడియ పెట్టాడు. కుళాయిలు బిగించాడు. కుర్చీల్లో ఇంకా కూర్చున్నవాళ్ల మోచేతులు పట్టుకుని లేపుతున్నట్టు గాలిలో చేతులాడించి, "టైమైపోనాది, నడవండి, నడవండి బాబూ," అంటూ అందర్నీ గుమ్మం దాటించాడు. లైట్లన్నీ ఆర్పాడు. తలుపు మూసి, తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనక్కి చూడకుండా గది చివరిదాకా నడిచి ఆగాడు.

"పొద్దున్న వచ్చి తెరవడం?" అంది హిమజ.

"అయిదయింది కదమ్మా. ఇయ్యాల్టికి పని అయిపోనాది."

హిమజ అతని ముఖంలోకి చూసింది. రికార్డింగు ఆపి, దాన్ని అలాగే లోపలికి ఎక్కించింది.

ఆ సాయంత్రమే రాజ్యంలో లోపలి తవిటయ్య పని మొదలుపెట్టాడు. యాత్రల శాఖ గాలిని కట్టేశాడు. పదకొండు జలపాతాలనీ బిగించాడు. వరివెన్నులు ఊగడం మానేశాయి. రాజుని మోచెయ్యి పట్టుకుని లేపాడు. మహామంత్రినీ, ఆరువందలమంది సైనికుల్నీ, నర్తకినీ పొలిమేర దాటించాడు. డ్రాగన్ కాసేపు మొరాయించింది. దాన్ని కట్టుతాడు పట్టి లాక్కెళ్లాడు. దీపాలన్నీ ఆర్పాడు. ఆటలో సూర్యుణ్ణి కూడా దీపాల పట్టికలోనే రాసి ఉంచారు. సూర్యుణ్ణీ ఆర్పాడు. కోట తలుపు మూసి, తాళం వేసి, లాగి చూసి, వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న డైరెక్టరు వచ్చేసరికి తెరంతా కాటుక పూసినట్టుంది. మూలన చిన్న అంకె మెరుస్తోంది. తొమ్మిదివందల పన్నెండు.

"ఇది ఏమి?" అన్నాడు జ్వాలాపతిరావు.

"ఫ్రేములు సార్," అంది హిమజ. "గీయడానికి ఏమీ లేదు. అందుకని సెకనుకి తొమ్మిదివందల పన్నెండుసార్లు ఏమీ లేకపోవడాన్ని గీస్తోంది."

డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు చెమర్చాయి. "దేశంలో ఏ సంస్థకైనా నూట నలభై దాటిందా?"

"లేదు సార్. కానీ ఏమీ కనబడటం లేదు."

"కనబడుట అనునది మన సంస్థ లక్ష్యాలలో లేదు."

కోట తలుపు తెరిపిస్తే ఫ్రేములు పడిపోతాయి గనక ఎవరూ తెరిపించరాదని గంటలో సర్క్యులర్ వెళ్లింది. ఆ వారం పరీక్షలు కూడా చీకట్లోనే జరిగాయి. అభ్యర్థులు నల్ల తెర ముందు మూడు గంటలు కూర్చుని లేచారు. ఎవరూ మునిగినట్టు కనబడలేదు గనక అందరూ పాసయ్యారు. నూటికి నూరు. ఢిల్లీ నుంచి పరిశీలక బృందం దిగి, నల్ల తెరని నాలుగు వైపుల నుంచి ఫొటో తీసుకుని, ఈ పద్ధతిని దేశమంతటా అమలు చేయాలని రాసి వెళ్లింది.

తవిటయ్య మాత్రం తెర ఆరిన మొదటి రోజునే, పదిన్నర కాగానే, హాజరు పట్టీ చంకన పెట్టుకుని భానోజీరావు బల్ల దగ్గరికి వెళ్లాడు.

"లోపలి తవిటయ్య రాలేదండి."

"రాకపోవడమేమిటి?"

"నిన్న అయిదింటికి తాళమేసి ఎల్లిపోనాడు. ఇయ్యాల రాలేదు. సెలవు సీటీ కూడా లేదు."

"వస్తాడులే. రేపు..."

"రాడు బాబూ. ఎలగ రావాలో ఆడికి ఎవులూ సూపించలేదు."

భానోజీరావు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా నిబంధనల పుస్తకం తప్ప మరొకటి చదవని మనిషి. కొట్లాటలో కర్ర దొరికినట్టు అతని మొహం వికసించింది.

"సెలవు పెట్టకుండా ఏడాది రాకపోతే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినట్టే లెక్క. పర్మనెంటు అయినా అంతే. పోస్టు ఖాళీ అవుతుంది."

"తెలుసండి. సర్వీసు పుస్తకాలకి ఇరవయ్యారేళ్లు అట్టలేసినాను."

"జాబితాలో తర్వాతి పేరు..."

"నాదేనండి. అప్పటికి నాకింకా కొన్ని నెలల సర్వీసుంటాది."

"డైరెక్టరు గారు ఈలోగా తెరిపించమంటే?"

"ఆయనే తెరవొద్దని సర్క్యులర్ ఇచ్చినారు కదండి."

భానోజీరావు ఆ మాటకి తలూపాడు. ఎర్ర సిరా కలం తీసి, ఒక్క క్షణం చెయ్యి ఆపి, తవిటయ్య ముఖం కేసి చూశాడు. "అచ్చం నీలాగే ఉంటాడు కదయ్యా పాపం. నీ చేతుల్తో నేర్పావు. కొంచెమైనా జాలి లేదూ?"

"లేదండి."

తొలి గడిలో ఎర్రగా 'గైర్హాజరు' అని పడింది. సిరా ఆరేదాకా తవిటయ్య వంగి ఊదాడు. ఇంక మూడువందల అరవై నాలుగు గడులున్నాయి.